హైదరాబాద్‌లో ఏ పనికి చేతికి ఎంతొస్తుంది, నెలాఖరుకి ఎంత మిగులుతుంది

జూన్ వచ్చిందంటే నాకు ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. మొన్న మా చిన్నాన్న చేశాడు. "మనోడికి క్యాంపస్‌లో 3.6 లక్షల ప్యాకేజీ వచ్చిందిరా. నెలకి ముప్పై వేలు. రూముకి పది పోయినా ఇరవై ఇంటికి పంపుతాడుగా?" నేను మాదాపూర్‌లో ఓ కంపెనీ పేరోల్ సెక్షన్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. రోజూ నా చేతుల మీదుగా పోయేవి పేస్లిప్పులే. "చేతికొచ్చేది ఇరవై మూడున్నరే చిన్నాన్నా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఆ ఇరవై వేల మీద ఆయన అప్పటికే చెల్లి కాలేజీ ఫీజూ, పొలం మీద బాకీ వడ్డీ లెక్కేసుకుని ఉన్నాడు.

ఇంటర్ చదివే పిల్లల్ని ఏ దారిన పంపాలో తేలని తల్లిదండ్రులు, రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని ఆలోచిస్తున్న కుర్రాళ్లు, ఉన్న ఉద్యోగం మానేద్దామా అనుకునే ముప్పై అయిదేళ్లవాళ్లు ఇలాంటి లెక్కే తప్పుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ప్రభుత్వ కొలువుల అంకెలు పే స్కేళ్ల నుంచి తీసుకున్నాను. ప్రైవేటువి నేను చూసిన పేస్లిప్పులు, తెలిసినవాళ్లు దగ్గర కూర్చుని చెప్పిన లెక్కలు. మీకు తెలిసినవాళ్లకి రెండు మూడు వేలు అటూ ఇటూ ఉండొచ్చు.

## ముందు ఏం చూడాలి

మొదటిది, బ్యాంకులో పడే డబ్బు. ప్యాకేజీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. అందులో మీ చేతికి రానివి చాలా ఉంటాయి.

రెండోది, ఆ పని చేయడానికి మీరు పెట్టే ఖర్చు. డెలివరీ అబ్బాయికి పెట్రోలు, మెకానిక్‌కి పనిముట్లు, ఆఫీసుకెళ్లేవాళ్లకి రానుపోను చార్జీలు. ఈ అంకె ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

మూడోది, ఆ పని మిమ్మల్ని ఏ పేటలో ఉండమంటుంది అన్నది. హైదరాబాద్‌లో అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే వస్తుంది, అందుకే దీనికి కింద విడిగా చోటిచ్చాను.

ఆ తర్వాత గంటలు. ఎనిమిది గంటల ఇరవై వేలూ పన్నెండు గంటల ఇరవై వేలూ ఒకటి కావు. చివరిది వయసు: ఆ సంపాదన మీకు ఇరవై రెండుకి మొదలవుతుందా, ముప్పై రెండుకా? మధ్యలో ఆ పదేళ్లు ఇంట్లో ఎవరు మోస్తారు?

## ఒక్క చూపులో

గంటల్లో రానుపోను ప్రయాణం కూడా కలిపాను. అంకెలన్నీ నెలకి, రూపాయల్లో, సుమారుగా.

| పని | చేతికొచ్చేది | పని ఖర్చులు పోను | గంటకి | నిలదొక్కుకునే వయసు |
|---|---|---|---|---|
| ఐటీ ఫ్రెషర్ (3.6 లక్షలు) | 23,500 | 21,500 | 90 | 22 |
| ఐటీ, ఆరేళ్ల అనుభవం (12 లక్షలు) | 74,000 | 71,000 | 290 | 28 |
| ప్రభుత్వ ఎస్జీటీ (ప్రాథమిక పాఠశాల) టీచర్, కొత్తగా | 42,000 | 40,500 | 200 | డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) ఎప్పుడు పడితే అప్పుడు |
| ప్రభుత్వ బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) | 68,000 | 66,500 | 260 | 24-27 |
| ప్రైవేటు ఆసుపత్రి స్టాఫ్ నర్స్ | 20,000 | 19,000 | 73 | 22 |
| ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ | 50,000 | 49,000 | 200 | 25-30 |
| ఎంబీబీఎస్ డ్యూటీ డాక్టర్ | 50,000 | 48,000 | 185 | 24 (స్పెషలిస్టుకి 31-32) |
| సొంతంగా చేసుకునే ఏసీ మెకానిక్ | 48,000 (ఏడాది సగటు) | 38,000 | 145 | 25-26 |
| బైకు మీద ఫుడ్ డెలివరీ | 27,300 | 17,700 | 62 | మొదటి వారం నుంచే |
| సెక్యూరిటీ గార్డు, 12 గంటల డ్యూటీ | 14,500 | 14,000 | 40 | వెంటనే |

## ఐటీ: ముప్పై వేలు ఇరవై మూడున్నర ఎలా అయింది

మా చిన్నాన్నకి చెప్పినట్టే లైను లైనుగా చెప్తాను. నెలకి 30,000. అందులో కంపెనీ వాటా పీఎఫ్ 1,800. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే బేసిక్ 15,000 అనుకుంటే 721. మెడికల్ ఇన్సూరెన్స్ ఓ 500. వేరియబుల్ పే 1,500, అది ఏడాది చివర రేటింగు బట్టి, వస్తే వస్తుంది. మిగిలిన 25,479లోంచి మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. బ్యాంకులో పడేది 23,479. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ కూడా వర్తించదు.

పీఎఫ్ రెండు వాటాలూ మీవే, అవి పోయినట్టు కాదు. కానీ ఆ నెల అద్దె కట్టడానికి పనికిరావు. గ్రాట్యుటీ మామూలుగా అయిదేళ్లు పనిచేస్తేనే చేతికొస్తుంది, ఐటీలో మొదటి కంపెనీలో అయిదేళ్లుండేవాళ్లు తక్కువ. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వేతన కోడ్‌లో, మొత్తంలో సగం దాటిన అలవెన్సుల్ని కూడా వేతనం కిందే లెక్కేస్తారు. కాబట్టి బేసిక్ తక్కువ చూపించి చేతికి ఎక్కువిచ్చే పాత పద్ధతిని నమ్ముకోకండి.

పెద్ద సర్వీసు కంపెనీలు ఫ్రెషర్లకిచ్చే మూడున్నర లక్షల చిల్లర పదిహేనేళ్లుగా ఇంచుమించు అక్కడే ఆగిపోయింది. ఆ పదిహేనేళ్లలో కొండాపూర్ అద్దె ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో అక్కడున్నవాళ్లకి తెలుసు. ఈ ఉద్యోగంలో మొదటి జీతాన్ని చూసి చేరకూడదు, వదులుకోకూడదు. మూడో ఏడుకి మీ చేతిలో ఏ పని ఉంటుందన్నదే చూడాలి. డెవలప్‌మెంట్లో పడి, రెండున్నరేళ్లకి కంపెనీ మారినవాళ్లు ఏడెనిమిది లక్షలకి, ఆరేళ్లకి పన్నెండు లక్షలకి చేరడం నేను చాలాసార్లు చూశాను. పని నేర్పని సపోర్టు ప్రాజెక్టులో నాలుగేళ్లుండి అయిదు లక్షల దగ్గర ఆగిపోయినవాళ్లనీ అంతే మందిని చూశాను. బాండు, తొంభై రోజుల నోటీసు పీరియడ్ ఉన్నాయా అని సంతకం పెట్టే ముందే అడగండి. మారాల్సిన రోజు వచ్చినప్పుడు కాళ్లకి అడ్డం పడేవి అవే.

పన్నెండు లక్షల దగ్గర ఒక ఊరట ఉంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో, స్టాండర్డ్ డిడక్షన్ 75,000తో కలిపి జీతం 12.75 లక్షల వరకు ఆదాయపు పన్ను లేదు.

## ప్రభుత్వ కొలువు: అంకె కంటే ఎదురుచూపు

తెలంగాణలో 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం ఎస్జీటీ బేసిక్ 31,040, స్కూల్ అసిస్టెంట్‌ది 42,300, పోలీసు కానిస్టేబుల్‌ది 24,280. డీఏ (కరువు భత్యం) 30 శాతం చుట్టూ వేసుకుని, జీహెచ్‌ఎంసీ పరిధిలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 24 శాతం కలిపితే కొత్త ఎస్జీటీకి స్థూలంగా 47,800 వస్తుంది. 2004 సెప్టెంబర్ తర్వాత చేరినవాళ్లంతా సీపీఎస్ (ఉద్యోగి వాటా కూడా కట్టే పెన్షన్ పథకం) కిందికి వస్తారు కాబట్టి బేసిక్, డీఏల మీద పది శాతం అటు పోతుంది. ఇన్సూరెన్సులు కూడా పోతే చేతికి 42 వేలు. జిల్లాలో మారుమూల ఊళ్లో పోస్టింగైతే హెచ్‌ఆర్‌ఏ 11 శాతానికి పడిపోతుంది. అద్దె కూడా పడిపోతుంది కాబట్టి అది నష్టమేమీ కాదు.

అసలు ఖర్చు కాలం. టీచర్ల నియామకానికి 2017లో టీఆర్టీ (అప్పట్లో డీఎస్సీకి పెట్టిన పేరు) పడింది, తర్వాత మళ్లీ 2024లో 11,062 పోస్టులకి డీఎస్సీ జరిగింది. ఆ మధ్య ఏడేళ్లు దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ హాస్టళ్లలో కూర్చుని చదివినవాళ్లు నెలకి కోచింగూ తిండీ కలిపి పది వేలు పెట్టారు. అదే కాలంలో సంపాదించగలిగిన జీతం కూడా వదులుకున్నారు. ఇంటి దగ్గర ఎవరూ మీ మీద ఆధారపడకపోతే, రెండు ప్రయత్నాలని గట్టిగా గడువు పెట్టుకుని కూర్చోండి. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు ఏదో ఒక ఉద్యోగంలో చేరి పక్కన చదవడమే మంచిదని నా అభిప్రాయం. చదువు నెమ్మదిస్తుంది, నిజమే. కానీ నోటిఫికేషన్ రానప్పుడు మనిషి కుంగిపోకుండా ఉంటాడు.

బ్యాంకు పరీక్షలు ఈ విషయంలో మేలు, ఏటా పడతాయి. పన్నెండో వేతన ఒప్పందం తర్వాత పీఓ బేసిక్ 48,480, క్లర్కుది 24,050 నుంచి మొదలు. పీఓకి బదిలీలు రాష్ట్రాలు దాటిస్తాయి, సాయంత్రం ఏడున్నరకి బ్రాంచి తలుపు మూసినవాడే అదృష్టవంతుడు. క్లర్కుకి జీతం తక్కువైనా సొంత రాష్ట్రంలోనే ఉంటాడు.

## ఆసుపత్రి: ఒకే పని, రెండు జీతాలు

మా పిన్ని కూతురు నర్సు. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక నగరంలో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. జీతం 21,000, అందులోంచి హాస్టలుకి 3,500 పట్టుకునేవాళ్లు. పేరుకి ఎనిమిది గంటల షిఫ్టు. తర్వాతి షిఫ్టు అమ్మాయికి ఒక్కో పేషెంటు గురించి చెప్పి, మందుల లెక్క అప్పజెప్పి, రిజిస్టరు రాసి బయటపడేసరికి ఇంకో ముప్పావు గంట. నెలలో ఎనిమిది తొమ్మిది నైట్లు. పొద్దున ఎనిమిదింటికి మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా సోఫాలో అలాగే నిద్రపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. కాళ్లు వాచి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉండేవి.

2024 జనవరి ఆఖర్లో రాష్ట్రంలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలిచ్చారు, అందులో ఈ పిల్లా ఉంది. ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ బేసిక్ 36,750. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిపితే యాభై ఆరు వేల పైన, కోతలు పోను యాభై. పని తగ్గిందా అంటే, లేదు. వార్డులో మంచాల కంటే మనుషులు ఎక్కువ. కానీ జీతం రెండింతలు దాటింది.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ప్రైవేటు నర్సుల జీతాల మీద 2016లో సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రుల్లో కూడా 20,000కి తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఏళ్లు గడిచాయి, ఆ ఇరవై వేల దగ్గరే ఇప్పటికీ పెద్ద ఆసుపత్రుల్లో బేరాలు నడుస్తున్నాయి. కాబట్టి నర్సింగ్ చదివే అమ్మాయికి నా సలహా: ప్రైవేటుని రెండేళ్ల అనుభవం కోసం వాడుకోండి, ఐసీయూలో వేయమని అడగండి, ఆ తర్వాత ప్రభుత్వ పరీక్షో, విదేశమో. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ వెళ్లే నర్సులకి భాష నేర్పిస్తుంది. ఏజెంటు దగ్గరికి పోయే ముందు అక్కడ కనుక్కోండి.

డాక్టరు దారి పొడవైనది. 2025లో పెంచాక కూడా ప్రభుత్వ హౌస్‌సర్జన్ స్టైపెండు నెలకి ముప్పై వేలకి కాస్త తక్కువే. డ్యూటీ డాక్టరుగా చేరితే యాభై వేల చుట్టూ వస్తుంది. చాలా ఆసుపత్రులు దాన్ని జీతంగా కాక ఫీజుగా ఇచ్చి పది శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంటాయి. రిటర్ను వేస్తే చాలామందికి అందులో పెద్ద భాగం వెనక్కొస్తుంది, వేయకుండా వదిలేసే కుర్ర డాక్టర్లు ఎందరో. పీజీ సీటొచ్చి, సీనియర్ రెసిడెన్సీ అయి, స్పెషలిస్టుగా లక్షన్నర రెండు లక్షలు చూసేసరికి ముప్పై ఒకటి దాటుతుంది. సీటు కన్వీనర్ కోటాలో వస్తే ఈ దారి మంచిదే. మేనేజ్‌మెంటు సీటుకి పొలం అమ్మాలనుకునేవాళ్లు మాత్రం ఆ పొలం విలువ పదేళ్లకి ఎంతవుతుందో కూడా ఈ లెక్కలో పక్కన రాసుకోండి.

## బండి, పనిముట్లు, సొంత చేతులు

మా అపార్ట్‌మెంటుకి తరచూ వచ్చే డెలివరీ అబ్బాయి ఒకడు రోజు లెక్క చిన్న పాకెట్ పుస్తకంలో రాసుకుంటాడు. ఓ ఆదివారం లిఫ్టు పాడైతే మెట్ల మీద కూర్చుని చూపించాడు. పదకొండు గంటలు, పాతిక ఆర్డర్లు, ఇన్సెంటివ్‌తో 1,050. తిరిగింది 120 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తుంది, లీటరు పెట్రోలు 107 పైనే, అంటే రోజుకి 285. నెలకి 26 రోజులు తిరిగితే 27,300 వచ్చి, పెట్రోలుకి 7,400, ఆయిలు, టైర్లు, బ్రేకులకి 1,800, ఫోన్ డేటాకి 350 పోతాయి. మిగిలేది సుమారు 17,700. బండి ఇంకా వాయిదాల్లో ఉంటే మరో మూడు వేలు తీసేయాలి. వాన పడ్డ రోజు రేటు పెరుగుతుంది, జారిపడితే వారం ఆదాయం పోతుంది. పాలిటెక్నిక్ చదువుతూ సాయంత్రాలు చేసేవాడికి ఇది సరే. ఇల్లు గడపడానికి అయిదేళ్లు ఇదే చేస్తే బండీ అరుగుతుంది, నడుమూ అరుగుతుంది, జీతం మాత్రం పెరగదు.

దీని పక్కన ఏసీ మెకానిక్‌ని పెట్టి చూడండి. మాకు తెలిసిన కూకట్‌పల్లి మెకానిక్ ఐటీఐలో రెండేళ్ల కోర్సు చేసి, మూడేళ్లు ఒక షాపులో పన్నెండు వేలకి పనిచేసి, తర్వాత సొంతంగా దిగాడు. గేజి, వాక్యూమ్ పంపు, జెట్ పంపు, చిన్న నిచ్చెన, అన్నీ కలిపి పెట్టుబడి నలభై వేలు. సర్వీసుకి 500-600, గ్యాసు నింపితే 2,500 పైన. మార్చి నుంచి జూన్ దాకా రోజుకి ఏడెనిమిది ఇళ్లు, భోజనం నాలుగింటికి. నవంబర్ వచ్చిందంటే రోజుకి ఒక ఫోన్ రావడమే ఎక్కువ, అప్పుడు గీజర్లూ వాషింగ్ మెషీన్లూ చూస్తాడు. ఏడాది సగటున నెలకి నలభై ఎనిమిది వేలు వచ్చి, గ్యాసు, సామాన్లు, బండి, సీజన్లో పెట్టుకునే హెల్పరు కూలీ పోను ముప్పై ఎనిమిది మిగులుతుంది. పీఎఫ్ లేదు, ఆసుపత్రి ఖర్చు తనదే, అది సొంత ఇన్సూరెన్సుతో పూడ్చుకోవాలి. యాప్ ద్వారా వచ్చే పనుల్లో కమిషను పోతుంది కాబట్టి సొంత నంబరు పది అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ల దగ్గర ఉండడమే అతని ఆస్తి.

ఇంత చెప్పినా "మా వాడు ఐటీఐ ఏంటండీ" అనే తల్లిదండ్రులే ఎక్కువ. పైన పట్టికలో మళ్లీ చూడండి: గంటకి 145 మెకానిక్‌ది, 90 ఐటీ ఫ్రెషర్‌ది. ఆరేళ్ల తర్వాత ఐటీ ముందుకి పోతుంది, కాదనను. కానీ బీటెక్‌లో బ్యాక్‌లాగులు పెట్టుకుని ఈడుస్తున్న పిల్లాడికి ఆ ఆరేళ్ల తర్వాతి ఐటీ దొరుకుతుందా అన్నది నిజాయితీగా ఆలోచించాలి. మల్లేపల్లితో సహా రాష్ట్రంలో 65 ఐటీఐలని కొత్త యంత్రాలతో ఏటీసీలుగా (అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా) మార్చారు. ఒకసారి వెళ్లి చూసి రండి.

జూనియర్ లాయర్ల గురించి ఒక్క మాట. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో పట్టణాల్లో జూనియర్లకి కనీసం 20,000 ఇవ్వమని సూచించింది. అది సూచనే, ఎవరూ ఇచ్చి తీరాలని లేదు. మొదటి నాలుగేళ్లు ఇంటి నుంచి డబ్బు వస్తేనే ఈ వృత్తిలోకి రండి.

## అద్దె ఎవరి జీతాన్ని తినేస్తోంది

భార్యాభర్తలు, ఒక పిల్లాడు ఉన్న రెండు కుటుంబాలు తీసుకుందాం. ఒకాయన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టెకీ, ఇంకొకాయన దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో బ్యాంకు క్లర్కు.

| | టెకీ, కొండాపూర్ | క్లర్కు, దిల్‌సుఖ్‌నగర్ |
|---|---|---|
| చేతికొచ్చేది | 52,000 | 41,000 |
| రెండు గదుల ఫ్లాటు అద్దె | 28,000 | 13,000 |
| మెయింటెనెన్స్ | 3,500 | 1,000 |
| స్కూలు ఫీజు, నెలకి పడేది | 7,500 | 3,750 |
| ప్రయాణం | 3,000 | 1,600 |
| ఇంటి సరుకులు | 12,000 | 12,000 |
| మిగిలేది | 2,000 లోటు | 9,650 |

టెకీ దూరంగా ఉండొచ్చుగా అంటే ఉండొచ్చు. మెట్రో మియాపూర్-ఎల్బీనగర్, నాగోల్-రాయదుర్గం లైన్లలో ఎక్కువలో ఎక్కువ చార్జీ 69 రూపాయలే. కానీ మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పోదు, అక్కడి నుంచి షేర్ ఆటోనో క్యాబో. ఉప్పల్‌లో పదమూడు వేల ఇల్లు తీసుకుంటే నెలకి పదిహేను వేలు మిగులుతాయి, రోజుకి మూడు గంటలు పోతాయి. వారానికి రెండు రోజులే ఆఫీసుకి రమ్మనే కంపెనీ అయితే ఇది మంచి బేరం. అయిదు రోజులైతే, చంటిపిల్లాడుంటే, నేనైతే చేయను. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పద్దెనిమిది ఇరవై వేల ఇల్లు మధ్యే మార్గం.

ఉద్యోగం చేసే ఆడవాళ్ల లెక్కలో ఒకటి కలపాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మెట్రో ఎక్స్‌ప్రెస్ నెల పాసు ఇప్పుడు 1,600. ఇరవై వేల జీతానికి అది ఎనిమిది శాతం.

## మీ పరిస్థితిని బట్టి

ఇరవై రెండేళ్లు, ఇంటికి నెలనెలా పంపాలి: మూడున్నర లక్షల ఐటీ ఆఫరుంటే చేరండి. అమీర్‌పేటలో కానీ మాదాపూర్‌లో కానీ ముగ్గురుండే హాస్టలు గదికి తిండితో ఎనిమిది వేలు. చార్జీలు, ఫోను, చిల్లర ఖర్చులు పోను ఇంటికి పది పంపగలరు. ఇరవై అని మాటివ్వకండి.

సొంత ఊళ్లో ఇల్లుండి, చదువు మీద పట్టుండి, కుదురు కావాలనుకునేవాళ్లు: బ్యాంకు పరీక్షలు ముందు, డీఎస్సీ తర్వాత.

ముప్పై అయిదేళ్లు, అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, మారాలనుకుంటున్నారు: కొత్త కంపెనీ చెప్పే మొత్తం పక్కన పెట్టి హెచ్‌ఆర్‌ని నాలుగు అడగండి. వేరియబుల్ ఎంత శాతం, పోయిన ఏడాది నిజంగా ఎంత ఇచ్చారు? పీఎఫ్ 1,800 దగ్గర ఆపుతారా, బేసిక్ మీద పూర్తి పన్నెండు శాతమా? ఇన్సూరెన్సులో అమ్మానాన్నలు ఉంటారా? ఆఫీసు ఏ బిల్డింగు, వారానికి ఎన్ని రోజులు? జవాబులు మెయిల్లో తెప్పించుకోండి.

మా చిన్నాన్న కొడుకు పోయిన సోమవారం చేరాడు. శనివారం రాత్రి మా ఇంట్లోనే ముగ్గురం కాగితం మీద లెక్క వేశాం. హాస్టలు 8,000, రానుపోను 2,000, ఫోనూ చిల్లరా 2,500, చేతిలో 1,000 ఉంచుకుని ఇంటికి 10,000. చిన్నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బాకీవాళ్లకి ఫోన్ చేసి వాయిదా రెండేళ్లకి పొడిగించమని అడిగాడు. ఒప్పుకున్నారు.